చేతికి వరస లేదు

ఆదివారం పొద్దున బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది. తడి చేతులతోనే తీశాను. అవతల నా చిన్ననాటి స్నేహితురాలు. హలో అనలేదు, బాగున్నవా అనలేదు. "టీచర్ పోయిందే" అంది. పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. "ఎట్ల?" అని అడిగాను. "నిద్రలనే. పొద్దుగాల వాళ్ళ చెల్లె చాయ్ తీస్కపోయి లేపితే లేవలేదంట. నువ్వు రా. నేను అమ్మను, బిడ్డను తీస్కొని బయల్దేరుతున్న" అని పెట్టేసింది.

నేను అమ్రాబాద్‌లో ఉంటున్నాను, అక్కడి హైస్కూల్లో సైన్సు చెబుతాను. టీచర్ ఇల్లు గద్వాలలో. అచ్చంపేటలో ఒక బస్సు, నాగర్‌కర్నూల్‌లో ఒకటి, వనపర్తిలో ఇంకొకటి మారాలి. కిటికీ పక్కన కూర్చుని దారంతా ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఆమె మాటలే ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చి రెండు మూడుసార్లు నవ్వొచ్చింది కూడా. పక్క సీట్లో ఆవిడ "యాడికి పోతున్నవు బిడ్డా?" అని అడిగితే "చావుకు" అన్నాను. ఆవిడ కొంచెం జరిగి కూర్చుంది. నేనెందుకు నవ్వానో ఆవిడకు చెప్పలేకపోయాను. మీకు చెబుతాను.

గట్టు మండలంలోని మా ఊరి హైస్కూల్లో ఆమె మాకు బయాలజీ చెప్పేవారు. రోజూ గద్వాల నుంచి బస్సులో వచ్చి పోయేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరికంతా వినపడేది. సోడాబుడ్డి కళ్ళద్దాలు. అవి తీస్తే ఎదురుగా ఉన్నది మనిషో బర్రెనో తెలియదని ఆమే చెప్పుకునేవారు. భుజానికి గుడ్డసంచి, అందులో ఎప్పుడూ పల్లికాయలు. హోంవర్క్ చెయ్యని వాణ్ణి నిలబెట్టి "ఏం నాయనా, నిన్న ఢిల్లీల మీటింగు ఉండెనా?" అని మర్యాదగా అడిగేవారు. వాడు ఉన్నదనీ అనలేక, లేదనీ అనలేక నిలబడేవాడు. వంట ఆమెకు రాదు. తెచ్చుకున్న టిఫిన్ ఏదైనా చెల్లెలు చేసిందే. బాగుందంటే "మా చెల్లెకు చెప్తా" అనేవారు, బాగాలేదంటే "మా చెల్లెకు చెప్పకుండ్రి" అనేవారు.

మా వైపు సీడు పత్తి, అంటే విత్తనాల కంపెనీల కోసం వేసే పత్తి, ఎక్కువ. చేను పూతకొచ్చిందంటే బడి సగం ఖాళీ అయ్యేది. పిల్లలందరం క్రాసింగ్ పనికి పోయేవాళ్ళం. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి మగ భాగం తీసెయ్యాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. టీచర్ చెప్పులు చేతబట్టుకుని చేలగట్ల మీదికి వచ్చేవారు. చేను ఆసామితో గొడవ పెట్టుకుని, మమ్మల్ని మేకపిల్లల్లా ముందర తోలుకుంటూ బడికి పోయేవారు.

ఎనిమిదో తరగతిలో కౌమార దశ అని ఒక పాఠం ఉంటుంది. చాలా బళ్ళలో "ఇది ఇంట్ల చదువుకోండ్రి" అని పేజీలు తిప్పేస్తారు. మా టీచర్ తిప్పలేదు. ఆరోజు పుస్తకం మూసి, "క్రాసింగ్ ఎట్ల చేస్తరో నాకు తెల్వదు, జర చెప్పుండ్రి" అన్నారు. ఇక చూడాలి. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పాం. మగ పువ్వు, ఆడ పువ్వు, పుప్పొడి, కాయ కట్టడం, అన్నీ సిగ్గూ శరం లేకుండా చెప్పాం. అంతా విని ఆమె మనిషి శరీరం గురించి మొదలుపెట్టేసరికి అందరి తలలూ బెంచీల కిందికి పోయాయి. వెనక బెంచీలో ఒకడు కిచకిచ నవ్వాడు.

"పువ్వుకైతే పేర్లన్నీ తెలుసు. మీ ఒంటికి పేర్లు తెల్వొద్దా?" అన్నారు టీచర్. "పేరే తెల్వకుంటె రేపు ఏమన్న అయితే ఎట్ల చెప్తరు?"

"ఎవరికి చెప్పాలె టీచర్?" అని ముందు బెంచీలోంచి ఎవరో అడిగారు.

"గదే. గది చెప్పనీకెనే వచ్చిన."

అప్పటినుంచి శనివారం చివరి పీరియడ్ దానికే. అబ్బాయిలు, అమ్మాయిలు అందరం కలిసే కూర్చోవాలి. పిల్లలను ఖరాబు చేస్తుందని కొందరు తల్లిదండ్రులు బడికొచ్చి గొడవ చేశారు. "మీరు గూడ కూసోండ్రి. ఖరాబైతరో బాగుపడ్తరో చూద్దాం" అని వాళ్ళకు కుర్చీలు వేయించారు. ఇద్దరు కూర్చున్నారు కూడా. వాళ్ళలో ఒకాయన తర్వాత వారం తన పెద్ద కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు.

మా దగ్గర ఎవరు ఎదురుపడ్డా ముందు వరస కలుపుతారు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా రెండు స్టాపులు దాటేలోపు అత్తనో బావనో అయిపోతారు. మంచిదే. ఆ వరసతోనే ఒకరికొకరం ఆసరా. కానీ మేనమామ, బావ, తాత వరసైన మగవాళ్ళు చిన్నపిల్లను "నా పెండ్లాం" అని పిలవడం, కొంగు గుంజడం, బుగ్గ గిల్లడం కూడా ఆ వరసలో భాగమే. ఆ పిల్ల ముడుచుకుపోతే అందరూ ఇంకా నవ్వుతారు. ఒక శనివారం టీచర్ దీన్నే ఎత్తుకున్నారు. మీకు ఇష్టం లేకుండా ఎవరన్నా చెయ్యి వేస్తే ఏం చేస్తారని అడిగారు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాం. మా క్లాసులో అందరికంటే చలాకీ అమ్మాయి లేచి, "వరసైనోడైతే ఏం కాదు టీచర్. గది నవ్వులాట" అంది. అందరం నవ్వాం.

టీచర్ నవ్వలేదు. మా నవ్వు ఆగేదాకా చూశారు. తర్వాత తన కుడిచెయ్యి పైకెత్తి, "వరస మాటకు ఉంటది. చేతికి వరస లేదు" అన్నారు. "ఏం లేదు?" అని అడిగారు. "చేతికి వరస లేదు" అన్నాం. మగపిల్లల వైపు తిరిగి "మీరు గట్టిగ అనుండ్రి. రేపు బావలు, మామలు అయ్యేది మీరే గద" అన్నారు. వాళ్ళు కప్పు లేచిపోయేలా అరిచారు.

నవ్వులాట ఏదో, కానిదేదో ఎలా తెలుస్తుందని నేను అడిగాను. ఆమె చెప్పింది నేను ఇప్పటికీ నా క్లాసులో అలాగే చెబుతాను. "నవ్వులాట నలుగుర్ల చేస్తరు. వద్దంటే ఆపుతరు. వద్దన్నా ఆపకుంటె, ఎవ్వరికి చెప్పకు అంటె, గది నవ్వులాట కాదు. వాడు ఎవడైనా సరే. సారైనా, సొంత ఇంటోడైనా, నేనైనా."

చెప్పడం కూడా నేర్పారు. డస్టర్‌నే ఫోన్ అనుకొమ్మని చేతికిచ్చి, సాయం కోసం ఫోన్ చేసినట్టు మాట్లాడమనేవారు. ఒకడు "మేడం, మా దోస్తును ఒకాయన పరేషాన్ చేస్తుండు" అన్నాడు. టీచర్ అవతలి మనిషిలా "కరెంటు పోయినా పరేషానే. బస్సు రాకున్నా పరేషానే. ఏం పరేషానో చెప్పు నాయనా" అన్నారు. ఎవరు, ఎక్కడ, ఏం చేశాడు అని విడమరిచి చెప్పేదాకా డస్టర్ వాడి చెవి దగ్గర్నుంచి దించనియ్యలేదు. చెవికంతా సుద్దపొడి. మా సెక్షన్లో పెద్ద అల్లరివాడికి మాట వినని అవ్వ వేషం ఇచ్చారు. వాడు నెత్తిన తువ్వాలు వేసుకుని "ఊకో బిడ్డా, ఇజ్జత్ పోతది" అని ముక్కుతో మాట్లాడుతుంటే కడుపు చెక్కలయ్యేది. ఆ అవ్వ వినకపోతే ఇంకొకరి దగ్గరికి పోవాలి, అక్కడా వినకపోతే మరొకరి దగ్గరికి. "ఒక్క తలుపు తియ్యకుంటె ఊరంత తాళమేసినట్టు కాదు" అనేవారు. దోస్తు ఎవరైనా మనతో చెప్పుకుంటే ముందు నమ్మాలి. నువ్వెందుకు పోయినవు, ఎందుకు ఊకున్నవు అని అడగకూడదు. ఎవ్వరికీ చెప్పనని ఒట్టు మాత్రం వెయ్యకూడదు.

ఆ ఒట్టు మాటే నాకు ముందుగా అక్కరకొచ్చింది.

పొద్దున నాకు ఫోన్ చేసిన స్నేహితురాలి సంగతి ఇది. ఆమె పేరు రాయను. అలా రాయకూడదని చట్టం చెబుతుంది, టీచర్ కూడా చెప్పారు. ఈ కథ ఆమెది. చదివి వినిపించి, ఆమె సరేనన్న తర్వాతే మీ ముందు పెడుతున్నాను.

మేం పదో తరగతిలో ఉన్నాం. ఆమె అమ్మానాన్నలు కూలి పనికి బెంగళూరు పోయి వస్తుండేవాళ్ళు. ఎండాకాలం సెలవుల్లో ఆమెను వనపర్తిలో మేనమామ ఇంట్లో ఉంచేవాళ్ళు. పది పాసైతే ఇంటరంతా అక్కడే ఉండి చదవాలని, ఆ తర్వాత దేవుడి దయ ఉంటే ఆ మామకే ఇచ్చి చెయ్యాలని వాళ్ళమ్మ ఆశ. ఒకరోజు క్రాసింగ్ చేస్తూ మొగ్గల మీదే చూపు పెట్టి, "నేను పది ఫెయిలైతా" అంది. క్లాసులో ఫస్టొచ్చే పిల్ల. ఎందుకే అంటే "పాసైతే వనపర్తి పంపిస్తరు" అంది. ఆ తర్వాత నాలుగు మాటలు చెప్పింది. అవి ఇక్కడ అక్కర్లేదు. "ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్యి" అని నా చెయ్యి పట్టుకుంది.

"ఒట్టెయ్యనే. నిన్ను నమ్ముతున్న. టీచర్ దగ్గరికి పోదాం" అన్నాను. నా చెయ్యి విదిలించి పోయింది. వారం దాకా నా మొహం చూడలేదు. నేను రోజూ ఆమె పక్కనే కూర్చున్నాను. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అన్నం గంట కొట్టాక, "పోదాం పా" అంది.

సైన్సు గదిలో టీచర్ ఒక్కరే ఉన్నారు. మా ఇద్దరినీ చూసి ఏమీ అడగలేదు. సంచిలోంచి పల్లికాయలు పేపరు మీద పోసి, "ఒలువుండ్రి" అన్నారు. తర్వాత కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఇప్పుడు నాకేం కనపడదు. చెప్పేది ఉంటె చెప్పు. లేకుంటె పల్లీలు తిని పో" అన్నారు. చేతికి పని ఉంటే నోరు తెరుచుకుంటుందని, ఎదుటి మనిషి కళ్ళు మొహం మీద లేకపోతే ఇంకా తొందరగా తెరుచుకుంటుందని ఆమె నమ్మకం. "నీ దోస్తు ఉండాల్నా, బయటికి పోవాల్నా?" అని మాత్రం అడిగారు. ఉండాలంది.

నా స్నేహితురాలు పల్లికాయలకే చెప్పింది. టీచర్ మధ్యలో అడ్డు రాలేదు, అయ్యో అనలేదు. అంతా అయ్యాక అన్నారు: "నువ్వు చెప్పింది నమ్ముతున్న బిడ్డా. తప్పు నీది కాదు, పిసరంత కూడ కాదు. ఇగ దీన్ని నేను దాచిపెట్టనీకె లేదు. ఎవరికి చెప్తనో నీకు ముందుగల్ల చెప్పే పోత." పిల్లల మీద ఇట్లాంటి నేరాలకు వచ్చిన పోక్సో చట్టం అప్పటికి కొత్త. సంగతి తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని అందులో ఉంది. ఆమె అద్దాలు తిరగేసి పెట్టుకోబోయి, మళ్ళీ సరిచేసుకున్నారు. అది చూసినదాన్ని నేనొక్కదాన్నే.

హెడ్మాస్టర్ సార్ ముందు వెనకాడారు. "వాళ్ళింటి సంగతి మేడం. వరసైనోడు, రేపు పెండ్లి గిట్ల చేసుకుంటరేమో" అన్నారట. "నేను తెచ్చింది పెండ్లి కబురు కాదు సార్" అని టీచర్ అక్కడినుంచే ఫోన్ చేశారు. ఈసారి చేతిలో ఉన్నది డస్టర్ కాదు. ఎవరు, ఎక్కడ, ఏం చేశాడు అని విడమరిచే చెప్పారు. పిల్లల రక్షణ చూసే ఆఫీసు నుంచి ఒక అమ్మ వచ్చింది, పోలీసుల నుంచి మామూలు చీరలో ఒక మేడం వచ్చింది.

మూడోరోజు నా స్నేహితురాలి అమ్మ బెంగళూరు నుంచి దిగీ దిగగానే బడికొచ్చింది. గేటు దగ్గరే మొదలుపెట్టింది. "ఏం టీచరమ్మవే నువ్వు! నాకున్నదే ఒక్క తమ్ముడు. నా తల్లిగారిల్లు బందు చేస్తివి గదనే!" అని మన్ను ఎత్తి పోసింది. ఆ మన్ను టీచర్ చీర మీద, సంచిలో పడింది. టీచర్ దులుపుకోలేదు. "లోపలికి రా అక్కా. ఎండల ఉన్నవు. తిట్టేది కూసోని తిట్టు" అన్నారు. సైన్సు గదిలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, పల్లికాయలు ముందర పోశారు. ఆమె తిడుతూనే ఒలిచింది. కూలి చేసిన చేతులకు ముందర పని కనిపిస్తే ఊరికే ఉండవు.

ఎంతసేపటికో తిట్లు అయిపోయాయి. గోడకానుకుని నిలబడ్డ కూతురిని చూసి, "నాకెందుకు చెప్పలేదే?" అంది.

"చెప్పిన గదమ్మా" అంది నా స్నేహితురాలు. "ఎండాకాలంల చెప్పిన. మామ పరేషాన్ చేస్తుండమ్మా అంటి. నువ్వు నవ్వితివి. పెండ్లాన్ని గాక ఇంకెవర్ని పరేషాన్ చేస్తడే అంటివి."

ఆ తల్లి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఆమె ఏడుపు వినలేక నేను కిటికీ వైపు తిరిగాను. టీచర్ ఆమె వీపు మీద చెయ్యి వేసి, "ఆ మాట నువ్వు పుట్టిచ్చింది కాదు అక్కా. మనందరం చిన్నప్పటి సంది విన్నదే. ఇప్పుడు ఇన్నవు గద. ఇప్పుడు ఏం చేస్తవో గదే లెక్క" అన్నారు.

ఆ తల్లి సాయంత్రానికి తమ్ముడి మీద తనే వాంగ్మూలం ఇచ్చింది. దానికి ఆమె పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. తల్లిగారిల్లు నిజంగానే బందయింది. ఆ వైపు వాళ్ళెవరూ మాట్లాడలేదు, పెళ్ళికీ చావుకూ పిలవలేదు. ఊళ్ళో కొందరు టీచర్ బస్సు దిగితే మొహం తిప్పుకునేవాళ్ళు. ఆమె మాత్రం రోజూ అదే బస్సుకు వచ్చి "ఏం నాయనా, ఢిల్లీ మీటింగా?" అని అడుగుతూనే ఉన్నారు. కేసు చాలాకాలం నడిచింది. వాయిదా ఉన్నప్పుడల్లా టీచర్ సెలవు పెట్టి ఆ తల్లీకూతుళ్ళ పక్కన కూర్చున్నారు. చివరికి అతనికి శిక్ష పడింది. నా స్నేహితురాలు ఫెయిల్ కాలేదు. గద్వాలలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది, నర్సింగ్ చేసింది. ఇప్పుడు వనపర్తిలోనే దవాఖానలో పని చేస్తుంది. "గా ఊరు వాని సొత్తా ఏంది?" అని కోరి మరీ అక్కడికే పోయింది.

నాకు టీచర్ ఉద్యోగం వచ్చినప్పుడు గద్వాల పోయి కాళ్ళకు మొక్కి, మీరు లేకపోతే మా ఇద్దరికీ ఏమయ్యేదో అని ఏదో చెప్పబోయాను. ఆమెకు పొగడ్తలు పడవు. "నేనేం చేసిన? పల్లీలు ఒలిసిన. మీరు తిన్నరు" అన్నారు. అమ్రాబాద్‌లో పిల్లలకు సీడు పత్తి తెలియదు, ఏం చెప్పి మొదలుపెట్టాలి అని అడిగితే, "వాళ్ళకేం తెలుసో ముందుగాల వాళ్ళనే అడుగు" అన్నారు. అడిగాను. ఇప్పపువ్వుల గురించి, తేనెటీగల గురించి నాకు తెలియనివన్నీ చెప్పారు. నా శనివారాలు అక్కడినుంచే మొదలవుతాయి. బీరువాలో ఒక డబ్బా పల్లికాయలు ఎప్పుడూ ఉంటాయి.

నేను గద్వాల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముందరి గదిలో చాప మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆమె దగ్గర చదివినవాళ్ళే, బావలూ మామలూ అయిపోయిన మా క్లాసు మగపిల్లలు, అవ్వ వేషం వేసిన అల్లరివాడు కూడా. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలాపున, చెల్లెలి పక్కనే, నా స్నేహితురాలి అమ్మ కూర్చుని ఉంది. ఒకప్పుడు మన్ను పోసిన చేత్తోనే టీచర్ చీర కొంగు సర్దుతూ ఉంది.

నా స్నేహితురాలి బిడ్డకు ఐదేళ్ళు. ఏం జరిగిందో తెలియక గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. గోడవారగా టీచర్ దూరపు బంధువు ఒక పెద్దాయన కూర్చున్నాడు. మంచి మనిషే అయి ఉంటాడు, గదిలో ఆ దుఃఖం చూడలేక కొంచెం తేలికపరచాలనుకున్నాడేమో. "ఇటు రా, నా పెండ్లామా" అని పిల్ల జబ్బ పట్టుకుని ఒళ్ళోకి లాగాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పిల్ల ముడుచుకుపోయింది. వాళ్ళమ్మ లేవబోయింది, నేనూ లేవబోయాను.

మా ఇద్దరికంటే ముందు తలాపు నుంచి మాట వచ్చింది. పిల్ల అమ్మమ్మ లేవలేదు, గొంతు పెంచలేదు. "చెయ్యి తియ్యి పెద్దయ్యా" అంది. "వరస మాటకే. చేతికి లేదు."

పెద్దాయన బిత్తరపోయి "నవ్వులాటకు..." అన్నాడు.

"పిల్ల నవ్వుతలేదు" అందామె.

ఆయన చెయ్యి తీశాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. పిల్ల పరుగెత్తుకుని వెళ్ళి అమ్మమ్మ ఒళ్ళో కూర్చుంది. కాసేపటికి ఆమె చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది, ఆమె తల వంచి వింటోంది. బస్సులో రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. వాళ్ళ పక్కనే టీచర్. కళ్ళద్దాలు ఎవరో తీసి కిటికీలో పెట్టారు. అద్దాలు లేని ఆ ముఖం, పిల్ల చెప్పేది అయ్యేదాకా ఆగుదామన్నట్టు, నెమ్మదిగా ఉంది.